పలనాటి రాయి ఉలికి ఎందుకు లొంగెను?

ఎన్.టి.ఆర్. జిల్లాలో జగ్గయ్యపేట కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ అచటి బౌద్ధస్తూపమును పరిశోధించెను. అందు లభించి, నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్న ఫలకముపై చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘములనుండి చదరపు నాణెములు వర్షించుచుండును. చుట్టును రాణి, మంత్రి, గజము, అశ్వము, చక్రము.

ఇంత సూక్ష్మమైన పని రాతిపై ఎట్లు సాధ్యమయ్యెను? అది పలనాటి సున్నపురాయి. అందలి ముఖ్యఖనిజమైన కాల్సైట్ కాఠిన్యము మోస్ మానముపై 3 మాత్రమే. గ్రానైటురాతిలోని క్వార్ట్జ్ కాఠిన్యము 7 గావున ఇనుపఉలి దానిపై త్వరగా మొక్కవోవును. పైగా సున్నపురాతి రేణువులు మిక్కిలి సన్ననివగుటచే ముత్యాలసరపు పూసను సైతము విడదీసి చెక్కవచ్చును.

శిల్పి తొలుత నునుపుచేసిన పలకపై రేఖాచిత్రము గీసి, బొమ్మను విడిచి చుట్టునున్న నేలను కొద్దికొద్దిగా తొలచి దించును. జగ్గయ్యపేటలో ఈ లోతు స్వల్పము. తరువాతి కాలపు అమరావతీ ఫలకములందు మూర్తులు రాతిని వీడి వెలికి దుమికినట్లుండును. నాకు మాత్రము జగ్గయ్యపేట పనియే ప్రియతరము.

సున్నపురాతిపై నిమ్మరసము వేసిన సన్నగా పొంగును; గ్రానైటురాయి పొంగదు. సున్నపురాతి రసాయనస్వభావమే దానికి శత్రువైనది. కాల్చిన సున్నమగును గదా! అమరావతి ఫలకములు పెక్కింటిని జనులు అట్లే బట్టీలలో కాల్చి గోడలకు వాడుకొనిరి.