‘సేవ్’ అను క్రియాపదము

గత సంవత్సరము ఎమ్మిగనూరు విద్యార్థి యొకడు ఈ సంచికకొఱకు తన తండ్రి మగ్గమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. కాగితముమీద గాక, రెండు గంటలు కంప్యూటరు నెదుట కూర్చుండి టైపు చేసెను. ఇంతలో కరెంటు పోయెను. అది మరల వచ్చిన పిదప వెదకగా వ్యాసము కానరాలేదు. “సేవ్ చేసితివా?” అని మేమడిగితిమి. “దానిని ఎవరినుండి కాపాడవలెను, అయ్యవారూ?” అని వాడు మమ్ము తిరిగి యడిగెను.

తోడివారు నవ్విరి గాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. ఆ పదమునకు మేము తరగతిలో చెప్పిన మొదటి యర్థము అదియే. ‘సేవ్’ అను మాట లాటినులో ‘సాల్వుస్’, అనగా క్షేమముగా నున్న, అను పదమునుండి ఫ్రెంచిమీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. ఇనుపపెట్టెకు పేరైన ‘సేఫ్’, మన ఆరాధనలలో వినబడు ‘సాల్వేషన్’ కూడ ఆ కుటుంబమువే. ఇంగ్లీషువారు ఈ ఒక్క మాటతో సరిపెట్టుకొనుచోట మనకు మాటలనేకము గలవు. బావిలో పడిన బిడ్డను కాపాడుదుము. దేవుడు పాపిని రక్షించును. ఆదోని మార్కెట్టులో పత్తి యమ్మిన రైతు రూపాయలు కూడబెట్టును. తల్లి తమ్మునికొఱకు అన్నము దాచియుంచును. దగ్గఱిదారిని పోయినచో ఒక గంట కలిసివచ్చును. వీని కన్నిటికిని ఇంగ్లీషున ‘సేవ్’ చాలును. కంప్యూటరు విషయమున అర్థము ‘రక్షించు’ కంటె ‘దాచియుంచు’ అనుదానికి సమీపము. ‘భద్రపరచు’ అనియు కొందఱు వాడుదురు. అదియు మంచి మాటయే.

అయినను బాలుని తండ్రి మరునాడు వచ్చి అడిగిన మాట మఱింత లోతైనది. “మధ్యలో పోగు తెగినను నేసినంత బట్ట దోనెకు చుట్టుకొనియే యుండును. వ్రాసినది మాత్రమేల పోవలెను?” అని ఆయన యడిగెను. (గొల్యాతు ఈటెకఱ్ఱను దేనితో పోల్చిరో యెఱిగిన విద్యార్థులకు దోనె యననేమో చెప్పనక్కఱలేదు.) 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన ఊరివారికి ఈ సందేహము కలుగుట సహజము. మగ్గముమీదను కలముతోను చేయుటయు నిలుచుటయు ఒక్క పనియే. కంప్యూటరులో అవి రెండు వేఱు పనులు. మనము టైపు చేయునది తొలుత తాత్కాలిక స్మృతిలో నుండును. విద్యుత్తు ఆగిన తోడనే అది నశించును. ‘సేవ్’ అనగా, ఆ క్షణమువఱకు వ్రాసినదానికి ప్రతి తీసి, కరెంటు లేకున్నను నిలుచు డిస్కుమీద ఉంచుమని యంత్రమున కాజ్ఞాపించుట. ఆ తరువాత చేర్చిన వాక్యము ఆ ప్రతిలో నుండదు, మరల ఆజ్ఞాపింపవలెను.

ఇంకొక చిక్కు కలదు. అదే పేరుతో మరల సేవ్ చేసినచో క్రొత్త ప్రతి పాతదాని స్థానమును ఆక్రమించును. పొరపాటున సగము తుడిచివేసి సేవ్ చేసినవాడు ఆ సగమును తన చేతులారా పోగొట్టుకొనినవాడగును. పాతది యుండవలెనన్నచో ‘సేవ్ యాజ్’ అనుదానిచే వేఱు పేరు పెట్టవలెను. ఇప్పుడు కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే సేవ్ చేయుచున్నవి. అన్నియు అట్లు చేయవు. మొదటి వాక్యము ముగియగనే పేరు పెట్టి సేవ్ చేయుటయు, పేరాకొకమారు కంట్రోల్, ఎస్ మీటలను కలిపి నొక్కుటయు మేము ఇప్పుడు తొలిపాఠముగా చెప్పుచున్నాము. సంవత్సరము ముందే చెప్పియుండవలసినది.

ఆ బాలుడు వ్యాసమును మరల వ్రాసెను. అది మొదటిదానికంటె చిన్నది. మగ్గపు చప్పుడును గూర్చి మొదటిదానిలో మంచి వాక్యమొకటి యుండెననియు, అది ఎంత తలచుకొనినను తిరిగి రాలేదనియు వాడు నేటికిని చెప్పుచున్నాడు.