ఒకే పాట... పెట్టె పెట్టెకో గొంతు!

కట్టంగూర్ : నెట్టు ద్వారా వచ్చే పాట సెల్‌ఫోన్‌లో ఒక తీరుగా, కంప్యూటర్‌లో మరో తీరుగా, బ్లూటూత్ స్పీకర్‌లో ఇంకో తీరుగా వినిపించడం ఇప్పుడు ఊరూరా అనుభవమే. తప్పు సిగ్నల్‌దని కొందరు, స్పీకర్‌దని కొందరు అనుకుంటారు. కొత్త ఇయర్‌ఫోన్‌లు కొని డబ్బు వదిలించుకునేవారూ లేకపోలేదు. నిజానికి స్టూడియోలో బయలుదేరిన పాట శ్రోత చెవిని చేరేలోగా నాలుగు చోట్ల రూపు మార్చుకుంటున్నది.

రేడియో రోజుల్లో ఈ చిక్కు లేదు. హైదరాబాద్ ఆకాశవాణిని కట్టంగూర్‌లో విన్నా, నకిరేకల్‌లో విన్నా అందరికీ అందినది ఒకే తరంగం. తేడా వస్తే సెట్టులోనో, ఏరియల్‌లోనో వచ్చేది. నెట్టు సంగతి వేరు. ఒకే పాటను కంపెనీలవారు పలు రకాల మూటలుగా కట్టి వుంచుతారు. అడిగిన యంత్రాన్ని బట్టి ఏదో ఒక మూట అందిస్తారు.

పత్తి బేలు వంటిదే, కాని...

సీడీలోని పాటలో సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు వుంటాయి. 5 నిమిషాల పాట సుమారు 53 మెగాబైట్లు తూగుతుంది. అంత బరువు పంపడం ఖర్చు కనుక దాన్ని కుదిస్తారు. సెకనుకు 128 కిలోబిట్లకు కుదిస్తే అదే పాట 5 మెగాబైట్ల లోపే.

మిల్లులో పత్తిని బేలు కట్టినట్లే ఇదీ. అయితే బేలు విప్పితే పత్తి మళ్ళీ పొంగుతుంది. ఇక్కడ మాత్రం చెవి అంతగా పట్టించుకోదని తీసివేసిన ధ్వని తిరిగి రాదు. ఎంత ఎక్కువ కుదిస్తే తాళాల మోత, చప్పట్లు అంతగా మసకబారుతాయి.

బ్రౌజర్‌కు తెలిసిన భాష

ఎంపీ3, ఏఏసీ, వోర్బిస్, ఓపస్ అని కుదింపు పద్ధతులు పలు రకాలు. అన్ని బ్రౌజర్లకూ అన్నీ తెలియవు. దీని వెనుక పేటెంట్ల తగాదా కూడా వున్నది. ఎంపీ3 లైసెన్సు పథకాన్ని జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2017లో గాని ముగించలేదు. ఓపస్ 2012లో రుసుము లేని ప్రమాణంగా వెలువడింది. వోర్బిస్‌కూ రుసుము లేదు. అయినా ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్ వోర్బిస్ మూటను చాలా ఏళ్ళు విప్పలేదు. అందువల్ల ఒకే పేజీ క్రోమ్‌కు ఒక మూట, సఫారీకి మరో మూట ఇవ్వవలసి వచ్చింది.

స్పాటిఫై సంస్థ డబ్బు కట్టిన వారికి యాప్‌లో 320 కిలోబిట్ల దాకా ఇస్తున్న రోజుల్లోనే బ్రౌజర్‌లో 256తో సరిపెట్టింది. ఉచితంగా వినేవారికి బ్రౌజర్‌లో 128 మాత్రమే.

దారిలో తగ్గే బరువు

పాట ఒక్క తడవగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. హైదరాబాద్ నుంచి సూర్యాపేట బస్సులో పోతూ వింటుంటే ఒక టవర్ వద్ద సిగ్నల్ బలంగా, మరోచోట బలహీనంగా వుంటుంది. బలహీనపడగానే పాట ఆగిపోకుండా యాప్ తక్కువ బరువు ముక్కలు అడుగుతుంది. పాట ఆగదు గాని గొంతు మారుతుంది. ‘డేటా సేవర్’ వేసి వుంటే సిగ్నల్ బాగున్నా ఇదే జరుగుతుంది.

బ్లూటూత్‌తో జాగ్రత్త

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పాటను మరోసారి కుదిస్తుంది. అంతకంటె ముఖ్యం - దాని మైకు పనిచేయడం మొదలుకాగానే చాలా సెట్లు పాటల పద్ధతి వదలి టెలిఫోన్ పద్ధతికి మారుతాయి. పాత టెలిఫోన్ పద్ధతిలో వినిపించేది 3,400 హెర్ట్జ్ వరకే. ‘స’, ‘శ’ వంటి అక్షరాల పదును చాలావరకు అంతకు పైనే వుంటుంది.

పాటకు ఇది నష్టమే. పాఠానికీ నష్టమే. 2020 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఫోనే ఎందరో పిల్లలకు బడి అయింది. ఆన్‌లైన్ క్లాసులో టీచర్ పలికిన అక్షరం పిల్లకు సరిగా వినపడకపోతే రాతలో తప్పు వస్తుంది. ఆ తప్పు పిల్లది కాదు.

తేడా ఎక్కడున్నదీ తెలుసుకోవడమెలా?

ముందుగా రెండు యంత్రాల వాల్యూం సమానం చేయాలి. బిగ్గరగా వున్నదే బాగున్నదని చెవి పొరబడుతుంది. తరువాత ఒకే వైరు ఇయర్‌ఫోన్ రెండింటికీ తగిలించి అదే పాట వినాలి. తేడా పోతే లోపం స్పీకర్‌దో బ్లూటూత్‌దో. ఫోన్ స్పీకర్ చిన్నది కనుక డప్పు దెబ్బలోని బరువును ఎటూ పలికించలేదు. తేడా పోకపోతే వచ్చిన మూటలే వేరై వుండవచ్చు. యాప్ సెట్టింగ్‌లో నాణ్యత పెంచి చూడాలి.

అయితే నాణ్యతకు ఖరీదున్నది. గంటసేపు వింటే 128 కిలోబిట్లకు 58 మెగాబైట్లు, 320కి 144 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజువారీ డేటా లెక్క చూసుకునేవారు పాటలకు తక్కువ, పాఠాలకు ఎక్కువ కేటాయించుకోవడం మంచిది. పిల్లల క్లాసుకు వైరు ఇయర్‌ఫోన్ చాలు. ఖరీదైన కొత్త సెట్టు కొనే ముందు ఈ పరీక్ష చేసి చూస్తే చాలామందికి ఆ ఖర్చు తప్పుతుంది.