ముద్దకు ముందు సూది

అన్నం తినేటప్పుడు మనమెవరమూ లెక్కలు వేసుకోము. ఆకలైతే తింటాము, కడుపు నిండితే లేస్తాము. అసలు లెక్కంతా జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి చూసుకుంటుంది. సంగటిలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుండగానే, క్లోమంలోని బీటా కణాలు దానికి తగినంత ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి. ఈ హార్మోను అందితేనే కండరాల కణాలు గ్లూకోజును చక్కగా లోపలికి తీసుకుంటాయి.

కొందరిలో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇదే మొదటి రకం మధుమేహం. ఇది ఎక్కువగా బాల్యంలోనో, యౌవనంలోనో బయటపడుతుంది. మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. ఇన్సులిన్ ప్రోటీను కనుక మాత్రగా మింగితే మాంసం ముక్కలాగే కడుపులో జీర్ణమైపోతుంది. అందుచేతనే సూది.

1922కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలను అర్ధాకలితో ఉంచి కొద్దికాలం బతికించడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. ఆ ఏడు జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన క్లోమరసం ఎక్కించారు. అది అంత శుద్ధమైనది కాదు, పెద్దగా గుణమివ్వలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేశాక జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి చక్కెర దిగింది. ఆ బాలుడు ఇంకా 13 ఏళ్ళు జీవించాడు.

ఇప్పుడు శాంతిపురంలో ఇంటరు ముగించి, కుప్పంలో డిగ్రీ చదవడానికి హాస్టల్లో చేరిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇంట్లో సంగటికి పిండి ఎంత పోశారో వాళ్ళమ్మకు తెలుసు. సూది వేళకు గుర్తుచేసేదీ ఆమే. ఇక ఆ లెక్క ఈ అమ్మాయే చేసుకోవాలి.

రోజంతా ఉండవలసిన ఇన్సులిన్ ఒకటి, భోజనానికి వేసుకునేది మరొకటి. రెండవదాని లెక్క చూద్దాం. 60 గ్రాముల రాగిపిండి, 25 గ్రాముల బియ్యంతో ఆమె వంతు ముద్ద అయిందనుకోండి. నూరు గ్రాముల రాగిపిండిలో సుమారు 67 గ్రాములు, బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కనుక ముద్దలో 40, 20 కలిపి దాదాపు 60 గ్రాములు. ఆమెకు 15 గ్రాములకు 1 యూనిట్ చొప్పున డాక్టరు నిర్ణయించి ఉంటే 4 యూనిట్లు కావాలి. తినబోయే ముందు రక్తంలో చక్కెర 120 ఉండవలసింది 220 ఉంది. ఆమెకు 1 యూనిట్ 50 తగ్గిస్తుందనుకుంటే మరో 2. వెరసి 6 యూనిట్లు. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక్కొక్కరికి డాక్టరు విడిగా నిర్ణయిస్తారు. సాయంత్రం కబడ్డీ ఆడే రోజైతే లెక్క మళ్ళీ మారుతుంది.

రాగి తింటే షుగరు పెరగదని మన వైపు ఒక నమ్మకం ఉంది. పై అంకెలు చూడండి. రాగిలో పీచు ఎక్కువ, సున్నం ఎక్కువ, మంచి తిండే. కాని ముద్దలోని పిండిపదార్థానికి సూది వేసుకోక తప్పదు.

మోతాదు ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం. సీసాలోని మామూలు ఇన్సులిన్‌లో ఆరేసి అణువులు జింకు చుట్టూ ఒక గుంపుగా అతుక్కుని ఉంటాయి. చర్మం కింద ఆ గుంపు విడిపోయి ఒంటరి అణువులైతే గాని చురుగ్గా రక్తంలోకి చేరవు. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. ఈ అమరికను 1969లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఎక్స్‌కిరణాలతో తేల్చింది. తరువాత బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసిన ఎం. విజయన్ ఆ బృందంలో ఒకరు. 1996 నుంచి వాడుకలోకి వచ్చిన కొత్త రకాలలో అణువును కొద్దిగా మార్చి గుంపు త్వరగా విడిపోయేటట్లు చేశారు. అవి పది, పదిహేను నిమిషాల్లో పని మొదలుపెడతాయి.

మామూలు ఇన్సులిన్ వేసుకుని మెస్సుకు వెళితే అన్నం ఇంకా ఉడకలేదన్నారు. ఇన్సులిన్ మాత్రం ఆగదు. చక్కెర 70కి దిగువకు పోతే చెమటలు, వణుకు, గుండెదడ, తరువాత మాట తడబాటు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ పరీక్ష చేయాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పక్క మంచం స్నేహితురాలికి ఈ సంగతి తెలిసి ఉండాలి. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్లల జబ్బును దాచిపెట్టే ఇళ్ళు ఉన్నాయి. దాచిన జబ్బుకు సాయం ఎవరు చేస్తారు?

జ్వరం వచ్చి తిండి సహించనప్పుడు కూడా ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. పసరు మందు నమ్మి మానేసినవారికి రక్తంలో ఆమ్లాలు పేరుకుని వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలై కొన్ని రోజుల్లోనే ప్రాణాపాయం కలుగుతుంది.

సిరంజి సంగతి ఒకటి ఉంది. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులకు వాడేది 100 యూనిట్లది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 6వ గీత దాకా లాగితే లోపలికి పోయేది 6 కాదు, 15 యూనిట్లు. కావాలంటే నోటుపుస్తకంలో వేసి చూడండి.

విప్పని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, గడ్డకట్టకుండా ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాని నడుమ చిన్న కుండ నిలిపి, మూతపెట్టిన డబ్బాలో సీసాను అందులో దాచుకోవచ్చు. అంత చలి రాదు గాని, వాడుతున్న సీసా ఎండకు పాడవకుండా ఉంటుంది. కుండ గోడల్లోంచి ఊరే నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మీరు చదువుకున్న బాష్పీభవన గుప్తోష్ణమే ఇది. వేసవి పొడిగాలిలో ఈ కుండ బాగా చల్లబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం గాలి నిండా తేమే కనుక, అంతగా చల్లబడదు.