స్కానింగులో ఏమీ లేదు. మరి ఈ నొప్పి ఎక్కడిది?

రమజాను నెలలో మన ఇళ్లలో ఒక మౌననాటకం జరుగుతూ ఉంటుంది. రోజా నుండి షరీయత్ మినహాయించిన రోజులలో కూడా ఆడపిల్ల అందరితోపాటు సెహరీకి లేస్తుంది. అన్నదమ్ములకు తెలియకూడదని పగలంతా పెదవులు తడపకుండా తిరుగుతుంది. మా చెల్లెలి కూతురూ అలాగే చేసేది. ఒకనాడు జుహర్ వేళ వంటింటి గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, నీళ్లు లేకుండానే నొప్పిమాత్ర మింగుతూ మా కంటపడింది. "నీళ్లు తాగరాదా తల్లీ?" అంటే, "గ్లాసు చప్పుడైతే తమ్ముడు వస్తాడు ఖాలా" అన్నది. అప్పటికి ఆమె వయస్సు 23. ఆ నొప్పి వయస్సు తొమ్మిదేళ్లు.

ఆ తొమ్మిదేళ్లలో ఆమె పరీక్షలు తప్పింది, బంధువుల నికాహ్‌లకు రాకుండా ఉండిపోయింది. "ఆడపుట్టుక అన్నాక ఓర్చుకోవాలి", "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని ఆమెకు చెప్పినవారిలో మేమూ ఉన్నాము. ఈ మాట ఒప్పుకోకుండా మిగతా సంగతి వ్రాయడం న్యాయం కాదు.

చివరకు ఒక స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించాము. ఆమె అరగంటసేపు ప్రశ్నలడిగి, ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చునని అనుమానించారు. నిర్ధారణ కావాలంటే లాపరోస్కోపీ అనే శస్త్రచికిత్స ఒక మార్గమని, అయితే దానికి తొందర లేదని అన్నారు. చేయించాలా, వద్దా అన్న ప్రశ్న ఆనాటి నుండి దాదాపు ఎనిమిది నెలలు మా ఇంట్లో నలిగింది. ఆ నలుగుబాటులో మేము నేర్చుకున్నది ఇలాంటి నొప్పితో ఉన్న ఇతర కుటుంబాలకు పనికి వస్తుందని ఇది వ్రాస్తున్నాము.

గర్భాశయం లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. నెలనెలా మందమై, ఋతుస్రావంలో రాలిపోయేది అదే. ఆ పొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల, అండాశయాలపైన, గర్భాశయం వెనుక, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఈ వ్యాధి. అక్కడ వాపు వస్తుంది, మచ్చలు కడతాయి, ఒక్కొక్కసారి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో చేరితే ముదురు గోధుమరంగు ద్రవంతో తిత్తి ఏర్పడుతుంది. మన ఆసుపత్రులలో చాక్లెట్ సిస్ట్ అని పిలిచేది దానినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయస్సులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నది. అయినా పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. నొప్పి తీవ్రతకూ వ్యాధి విస్తృతికీ పొంతన ఉండకపోవడం మరో చిక్కు. నాలుగు చిన్న మచ్చలున్న అమ్మాయి నేలమీద దొర్లవచ్చు. అవయవాలు అతుక్కుపోయిన స్త్రీకి సంతానం కలగడం లేదని పరీక్ష చేయించుకునేదాకా ఏమీ తెలియకపోవచ్చు.

అన్నిటికంటే మమ్మల్ని తికమకపెట్టింది స్కానింగు. అవివాహిత కనుక పొట్టమీద నుండి మాత్రమే చేశారు. అంతా సవ్యంగా ఉన్నదని వచ్చింది. దానితో ఇంట్లో సగంమందికి అనుమానం పట్టుకున్నది: పిల్ల నటిస్తున్నదా? తరువాత ఎమ్మారై తీయించాము. అందులోనూ ఏమీ లేదు. అప్పుడు వైద్యురాలు వివరించారు. ఈ పరీక్షలు చాక్లెట్ సిస్టులను, లోతుగా పాతుకున్న గడ్డలను బాగా చూపిస్తాయి, కాని పొట్ట లోపలి పొర మీద పలుచగా పరచుకున్న మచ్చలను చాలాసార్లు చూపించలేవు. కనుక స్కానింగులో కనిపిస్తే వ్యాధి ఉన్నట్లే. కనిపించకపోతే లేదని చెప్పడానికి వీల్లేదు. సీఏ 125 అనే రక్తపరీక్ష చేయిద్దామా అని అడిగితే, దానిని బట్టి ఈ వ్యాధిని తేల్చలేమన్నారు. అది ఇతర కారణాల వల్ల కూడా పెరుగుతుందట.

ఒకప్పుడు కడుపులోకి కెమెరా పంపి చూస్తే తప్ప ఈ వ్యాధి ఉన్నదని ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు ఆ పట్టు సడలింది. మానవ పునరుత్పత్తి వైద్యుల యూరోపియన్ సంఘం 2022లో వెలువరించిన మార్గదర్శకాలలో, స్కానింగులలో ఏమీ కనిపించనప్పుడు, మందులతో ప్రయోజనం లేనప్పుడు లేదా మందులు సరిపడనప్పుడు మాత్రమే లాపరోస్కోపీ వైపు చూడమన్నది. అంటే లక్షణాలను బట్టి ముందు మందులు మొదలుపెట్టవచ్చును, కోత లేకుండానే. కొందరి విషయం వేరు. సిస్టు పెద్దదైనా, వ్యాధి మూత్రనాళాన్ని నొక్కి మూత్రపిండం ఉబ్బినా, పేగులో అడ్డంకి ఏర్పడినా, సంతానం కోసం చూస్తూ కాలం గడిచిపోతున్నా ఇంత నిదానం పనికిరాదు. మా పాపకు వాటిలో ఏదీ లేదు.

మొదట మందులే వాడాము. ఇంట్లో ప్రతిఘటన అక్కడే మొదలైంది. ప్రొజెస్టిన్ మాత్రలు, అంటే హార్మోను మాత్రలు అనగానే మా చెల్లెలు బెంబేలెత్తింది. పెళ్లికాని పిల్లకు ఇవి వాడితే రేపు పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారట. మాత్రలు ఆపిన తరువాత అండం విడుదల మళ్లీ మొదలవుతుందని వైద్యురాలు ఓపికగా చెప్పారు. ఒక కాన్పయితే ఈ నొప్పి దానంతటదే పోతుందన్న మరో మాట పెద్దల నోట వినిపించింది. వైద్యం పేరిట గర్భం ధరించమని సలహా ఇవ్వకూడదని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి. నొప్పి నయం చేయడానికని ఒక పిల్లకు నికాహ్ చేయడం ఆమెకే కాదు, ఆ పెళ్లికొడుకుకూ అన్యాయమని మా అభిప్రాయం.

మాత్రలతో మరొక సమస్య వచ్చింది. దాని గురించి ఆసుపత్రిలో ఎవరూ హెచ్చరించలేదు, ఎందుకంటే అది వారి సమస్య కాదు. మొదటి నెలలలో వేళాపాళా లేకుండా కొద్దికొద్దిగా రక్తం కనిపించేది. ఇది హైజ్‌గా లెక్కించాలా, ఇస్తిహాజాగానా? నమాజు చదవాలా, మానాలా? పిల్ల సిగ్గుతో ఎవరినీ అడగలేక పదిహేను రోజులు నమాజు వదిలేసి కుమిలిపోయింది. హనఫీ పద్ధతిలో హైజ్ మూడు రోజులకు తక్కువ కాదు, పది రోజులకు మించదు. రెండు హైజ్‌ల నడుమ కనీసం పదిహేను రోజుల శుద్ధి ఉండాలి. తేదీలు వ్రాసిపెట్టుకుని ఒక ఆలిమాను అడిగితే ఆమె పది నిమిషాలలో చిక్కు విప్పారు. ఆగని రక్తస్రావం గురించి ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) స్వయంగా దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి ప్రశ్నించారు. ఆయన కసురుకోలేదు, స్పష్టంగా జవాబిచ్చారు. ఆ సంప్రదాయానికి వారసులమైన మన ఇళ్లలో ఒక అమ్మాయి తన తల్లిని కూడా అడగలేకపోవడం ఎక్కడినుండి వచ్చిందో మనమే ఆలోచించుకోవాలి.

ఆ తేదీలు వ్రాసుకోవడం వైద్యానికి కూడా పనికి వచ్చింది. వంటింట్లో వేలాడే మస్జిదు క్యాలెండరు మీదే పాప పెన్సిలుతో పదికి ఎన్ని పాళ్ల నొప్పి అన్నది అంకె వేసేది. విసర్జన సమయంలో నొప్పి ఉంటే చుక్క, మాత్ర వేసుకుంటే గీత. మూడు నెలల తరువాత ఆ కాగితాలను చూసి వైద్యురాలు, "ఇంత స్పష్టంగా నోటితో ఎవరూ చెప్పలేరు" అన్నారు. తొమ్మిది దగ్గర ఉన్న నొప్పి ఆరుకు దిగింది. అంతకంటే దిగలేదు. పైగా మాత్రల వల్ల మనస్సు మందగించి, ఎప్పుడూ నవ్వే పిల్ల మూలన కూర్చోసాగింది. మరో రకం మాత్ర మార్చి చూశాము, అదీ అంతే.

అప్పుడు శస్త్రచికిత్స ప్రశ్న నిజంగా ముందుకు వచ్చింది. వైద్యురాలు మమ్మల్ని తిరిగి ఒక ప్రశ్న అడిగారు. "వ్యాధి ఉన్నదని తేలితే మీరు ఏమి మార్చుకుంటారు? లేదని తేలితే ఏమి మార్చుకుంటారు?" రెండింటికీ ఒకటే జవాబైతే కేవలం చూడటానికి పొట్ట కోయనవసరం లేదన్నది ఆమె ఉద్దేశం. మేము తడబడ్డాము. పాప తడబడలేదు. "ఉన్నదని తేలితే అక్కడే తీసేస్తారు. లేదని తేలితే పేగులదో, మూత్రాశయానిదో, కండరాలదో అసలు కారణం వెతుకుతాము. ఏదైనా సరే, నేను నటిస్తున్నానని ఇక ఎవరూ అనరు" అన్నది. ఆ చివరి మాటకు మా చెల్లెలు అక్కడే ఏడ్చింది.

లాపరోస్కోపీలో పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు కోతతో కెమెరా పంపుతారు. కడుపును కార్బన్ డయాక్సైడుతో ఉబ్బిస్తారు. మరో రెండు మూడు చిన్న రంధ్రాల గుండా పనిముట్లు వెళతాయి. మచ్చలు కనిపిస్తే తీసి, ముక్కను బయాప్సీకి పంపుతారు. సాధారణంగా అదే రోజు లేదా మరునాడు ఇంటికి పంపుతారు. లోపల మిగిలిన వాయువు వల్ల కొన్ని రోజులు భుజం నొప్పి పుడుతుంది. తెలియనివారు గుండెనొప్పి అనుకుని హడలిపోతారు. తీవ్రమైన ప్రమాదాలు తక్కువే కాని లేకపోలేదు: పేగుకు, మూత్రనాళానికి, రక్తనాళానికి గాయం కావచ్చు. అండాశయం మీది సిస్టు తీస్తే అండాల నిల్వ తగ్గవచ్చు. కనుక సిస్టు ఉన్నవారు ముందే ఏఎంహెచ్ పరీక్ష గురించి అడగాలి. ఎంత శుభ్రంగా తీసినా వ్యాధి తిరిగి రావడం అరుదు కాదు. ఒకసారి చేయించుకుంటే జన్మకు విముక్తి అని ఎవరైనా మాట ఇస్తే మరొక వైద్యుని సలహా తీసుకోవడం మేలు.

ఇక సమ్మతి పత్రం. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకామె రక్తస్రావం ఆగక ఆసుపత్రికి వెళ్లింది. పరీక్ష కోసం లాపరోస్కోపీకి, అవసరమైతే పొట్ట తెరిచి చూడటానికి సంతకం చేసింది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని ఆమె గర్భసంచిని, అండాశయాలను తీసివేశారు. చెప్పిన కారణం ఎండోమెట్రియోసిస్. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పరీక్షకు ఇచ్చిన సమ్మతి అవయవం తీయడానికి సమ్మతి కాదన్నది. ప్రాణాపాయం లేనప్పుడు, స్వయంగా నిర్ణయించుకోగల స్త్రీ బదులు ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదన్నది.

మన రాష్ట్రాలలో ఈ తీర్పు ప్రతి ఇంటికీ తెలియాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. కడుపునొప్పి అనగానే గర్భసంచి తీయించెయ్యమనడం మన ఊళ్లలో ఎంత తేలికైన మాటో అందరికీ తెలుసు. ఎండోమెట్రియోసిస్ మచ్చలు ఉండేది గర్భసంచికి వెలుపల. అది పోయినా అవి మిగలవచ్చు, నొప్పీ మిగలవచ్చు.

మా ఇంట్లో చర్చ పరదా మీదికి, పెళ్లి సంబంధాల మీదికి కూడా మళ్లింది. వైద్యురాలు దొరికితే ఆమెనే ఎంచుకోవాలి, మేమూ అలాగే చేశాము. దొరకనిచోట అవసరం మేరకు వైద్యుడు చూడవచ్చునని ధర్మవేత్తలు చెబుతున్నారు. దానికోసం వైద్యమే మానుకోమని ఎవరూ చెప్పలేదు. పొట్టమీద గాట్లు చూసి రేపు అత్తవారు ఏమంటారన్న భయానికి మాత్రం పాప తండ్రి జవాబిచ్చాడు. "నికాహ్‌కు ముందే చెబుదాం. విని వెనక్కు పోయేవాళ్లు పోనీ" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఈ విషయమై ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

పాప ఇస్తిఖారా చేసుకున్నది, చేయించుకుంటానన్నది. ముందురోజు సమ్మతి పత్రం తెచ్చినప్పుడు తండ్రి అలవాటుగా పెన్ను తీశాడు. నర్సు కాగితాన్ని ఆయనవైపే జరిపింది. పాప దాన్ని అందుకుని చివరి పంక్తి కింద తెలుగులో వ్రాసింది: కనిపించిన మచ్చలు తీయవచ్చు, గర్భసంచి గానీ అండాశయం గానీ తీయడానికి నాకు సమ్మతి లేదు, పేగు మీద లోతుగా ఉంటే ఆపి నాతో మాట్లాడాలి. వైద్యురాలు చదివి, తానూ పక్కన సంతకం పెట్టారు.

గర్భాశయం వెనుక, పొట్టపొర మీద ఐదారు చోట్ల మచ్చలు దొరికాయి. బయాప్సీ ఎండోమెట్రియోసిస్ అని తేల్చింది. వారం రోజులు కూర్చునే నమాజు చదివింది. శస్త్రచికిత్స తరువాత హార్మోను మాత్రలు వాడితే వ్యాధి తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుందని వైద్యురాలు చెప్పారు. పాప మూడు నెలలు మాత్రలు లేకుండా చూసుకుని ఆ తరువాత నిర్ణయిస్తానన్నది. ఆమె ఒప్పుకున్నారు, నొప్పి పెరిగితే ఆగకుండా రమ్మన్నారు. క్యాలెండరు మీద మొదటి నెల అంకె ఐదు, రెండవ నెల మూడు. మూడవ నెల గడి ఇంకా ఖాళీగా ఉన్నది. ఇప్పుడు ఆ పెన్సిలు క్యాలెండరు పక్కనే దారానికి కట్టి వేలాడుతున్నది. దానిని అక్కడ కట్టింది ఆమె తమ్ముడు.