నడుచుచున్న వ్యాపారమును కనిపెట్టియుండుట

2012వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ ఉదయము 9.30 గంటలకు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో ఎప్పటివలెనే బేరములు ప్రారంభమైనవి. ఇతరుల పక్షమున వాటాలు కొని, అమ్మిపెట్టు నైట్ కాపిటల్ అను పెద్ద కంపెనీ యొకటి ఆ మార్కెటులో పనిచేయుచుండెను. ఆనాడు దాని కంప్యూటరు వ్యవస్థ 212 చిన్న ఆర్డర్లను తీసికొని, వాటిని తీర్చుటకై సుమారు 45 నిమిషములలో లక్షలకొలది ఆర్డర్లను మార్కెటులోనికి వదలినది. తత్ఫలితముగా 40 లక్షల లావాదేవీలు జరిగి, 154 కంపెనీలకు చెందిన 39 కోట్ల 70 లక్షలకు పైగా వాటాలు చేతులు మారినవి. అవి ఎవ్వరును కోరని బేరములు. కంపెనీకి వచ్చిన నష్టము 46 కోట్ల డాలర్లను మించినది.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ ఉదయము విద్యుత్తు పోలేదు, తీగ తెగలేదు, కంప్యూటరు ఆగిపోలేదు. యంత్రము నడచుచున్నదా లేదా అని మాత్రమే చూచువానికి అంతయు సవ్యముగనే కనిపించి యుండును. యంత్రము నడచుచున్నదా అనునది ఒక ప్రశ్న. అది చేయుచున్న పని మనము కోరిన పనియేనా అనునది మరియొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు నిమిషనిమిషము జవాబు తెలిసికొను ఏర్పాటునే వ్యాపార కార్యకలాప పర్యవేక్షణ యందురు. పని పాతదే యైనను, ఈ పేరు మాత్రము 2002 ప్రాంతమున గార్ట్‌నర్ అను అమెరికా పరిశోధన సంస్థ వలన వాడుకలోనికి వచ్చినది.

చిన్న దుకాణములో ఈ ఏర్పాటు అక్కరలేదు. గల్లాపెట్టె వద్ద కూర్చున్న షావుకారు కంటికి సరకు, గుమాస్తా, ఖాతాదారు అందరును కనిపించుచుందురు. రాత్రికి చిట్టా వ్రాసి, తరువాత ఆవర్జాలోనికి ఎక్కించినచో లెక్క ముగియును. కాని పెద్ద సంస్థలో ఒక ఆర్డరు ఎన్ని చేతులు మారునో చూడుడు. ఆర్డరు వచ్చుట, ఖాతాదారుని అప్పు హద్దు పరీక్షించుట, గిడ్డంగిలో సరకు కేటాయించుట, మూట కట్టుట, లారీ కెక్కించుట, బిల్లు వ్రాయుట, పైకము ముట్టుట - ఇవన్నియు వేరువేరు ప్రోగ్రాముల ద్వారా, ఒక్కొక్కప్పుడు వేరువేరు ఊళ్లలోని కంప్యూటర్లపై జరుగును. నెలాఖరున వచ్చు నివేదిక జరిగిపోయిన దానిని చెప్పును. అప్పటికి చేయగలిగిన దేమియు మిగులకపోవచ్చును.

ఇట్టి కాపలాను ఏర్పరచుటలో మొదటి పని కంప్యూటరుతో జరుగునది కాదు. కాగితముపై ఆర్డరు నడచు దారిని గీసి, ఏ మజిలీ తప్పినచో నష్టము కలుగునో అనుభవజ్ఞులను అడిగి గుర్తింపవలెను. అట్లు గుర్తించిన మజిలీల వద్దనే ప్రోగ్రాములో సెన్సర్లను అమర్చుదురు. ఆర్డరు ఆ మజిలీ దాటినపుడెల్ల సెన్సరు ఒక చిన్న సందేశమును పంపును. ఏ ఆర్డరు, ఏ మజిలీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషములకు, ఎంత సొమ్ము - ఇంతకు మించి అందులో ఉండనక్కరలేదు. అన్ని మజిలీల సందేశములలోను ఒకే ఆర్డరు సంఖ్య ఉండుట అత్యవసరము. అది లేనిచో బిల్లు వ్రాసిన సందేశమును, మూట కట్టిన సందేశమును ఒకదానితో నొకటి ముడిపెట్టుట సాధ్యము కాదు. కంప్యూటర్ల గడియారము లన్నియు ఒకే వేళను చూపుచుండవలెను. లేనిచో మూట కట్టక మునుపే లారీ బయలుదేరినట్లు లెక్క తేలును!

కాపలా వలన అసలు పని ఆగరాదు. కనుక సెన్సరు తన సందేశమును ఒక వరుసలో ఉంచి, ఆర్డరును ముందుకు పోనిచ్చును. పర్యవేక్షణ ప్రోగ్రాము ఆ వరుస నుండి ఒక్కొక్క సందేశమును తీసి చదువుకొనును. ఈ పద్ధతిలో ఒక చిక్కు దాగియున్నది. రద్దీ ఎక్కువైనపుడు వరుస పెరుగును, చదువుట వెనుకబడును, అప్పుడు తెరపై కనిపించునది పది నిమిషముల క్రిందటి సంగతి. కావున తెరపై అంకెతో పాటు ఆ అంకె ఎంత పాతదో కూడ చూపవలెను.

సందేశములనుండి సూచికలను గణించుట తరువాతి పని. గడచిన 5 నిమిషములలో ఎన్ని ఆర్డర్లు వచ్చినవి, ఎంత సొమ్ముకు వచ్చినవి, ఒక్కొక్కటి ఎంతసేపు పట్టినది అను లెక్కలు నిమిషనిమిషమునకు మారుచుండును. ఇక్కడ సగటు మోసపుచ్చునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. పది ఆర్డర్లలో తొమ్మిదింటికి రెండేసి నిమిషములు, ఒకదానికి 102 నిమిషములు పట్టినదనుకొనుడు. మొత్తము 120 నిమిషములు, సగటు 12. కాని 12 నిమిషములు పట్టిన ఆర్డరు ఒక్కటియు లేదు! మధ్యగతము 2 నిమిషములు. అది మామూలు స్థితిని సరిగా చూపినను, చిక్కుకొనిపోయిన ఆ ఒక్క ఆర్డరును దాచివేయును. అందుచే మధ్యగతముతో పాటు అతి దీర్ఘముగా పట్టినవానిని వేరుగా చూపుట మంచిది.

అంతకంటె కష్టమైనది రాని సందేశమును గుర్తించుట. మూట కట్టిన రెండు గంటలలో లారీ సందేశము రావలెనని నియమ మున్నదనుకొందము. లారీ బయలుదేరనే లేదు; కనుక సందేశము లేదు. వచ్చిన సందేశములను మాత్రమే లెక్కించు యంత్రమునకు ఈ లోపము ఎన్నటికిని తెలియదు. కావున మూట సందేశము వచ్చిన క్షణముననే ఒక గడువును వ్రాసియుంచి, గడువు దాటినచో హెచ్చరింపవలెను.

ఏ హద్దు దాటినచో హెచ్చరింపవలెను? ఈ ప్రశ్నకు ఒక మంచి మార్గమును 1924లో అమెరికాలో టెలిఫోను పరికరములు చేయు ఫ్యాక్టరీ కొరకు వాల్టర్ షూహార్ట్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఏ పనియైనను కొంత హెచ్చుతగ్గులతోనే నడచును. సగటునకు ఇరువైపుల మూడేసి ప్రామాణిక విచలనముల దూరమున రెండు గీతలు గీసి, గీతల నడుమ నున్న హెచ్చుతగ్గులను సహజములుగా భావించి వదలివేయవలెను. గీత దాటినపుడు కారణమును వెదకవలెను. ఉదయపు రద్దీకి, అర్ధరాత్రికి ఒకే గీత పనికిరాదు కనుక, వేళను బట్టి గీతలు వేరుగా నుండవలెను.

అయినను తొందరపడి ప్రతిదానికి గంట కట్టరాదు. విలువలు సాధారణ వితరణమును అనుసరించినచో, ఏ లోపము లేకున్నను 10,000 లెక్కలలో సుమారు 27 ఈ గీతలను దాటును. ఇది చాల తక్కువగా తోచును. 100 సూచికలను నిమిషమున కొకసారి లెక్కించినచో దినమునకు 1,44,000 లెక్కలగును. అనగా ఉత్తుత్తి హెచ్చరికలు దినమునకు సుమారు 389! నాన్నా పులి యని ఊరక కేకలు వేసిన పిల్లవాని కథ పిల్లలందరికి తెలిసినదే. గీతను వరుసగా మూడు నిమిషములు దాటినప్పుడే గంట మ్రోగవలెనని నియమము పెట్టుట, సొమ్ము నష్టము లేని సూచికలకు గంటయే పెట్టకుండుట అనుభవజ్ఞులు చేయు పని.

ఇప్పుడు నైట్ కంపెనీ సంగతి మరల చూడవచ్చును. అమెరికా ప్రభుత్వపు సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజి కమిషన్ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఆనాటి వివరములన్నియు ఉన్నవి. ఆర్డర్లను పంపు కంప్యూటర్లు ఎనిమిది. కొత్త ప్రోగ్రామును ఏడింటిలో ఎక్కించిరి. ఎనిమిదవ దానిలో ఎక్కింపలేదు. 2003 నుండి వాడక మానిన పాత ప్రోగ్రామొకటి దానిలో నిద్రించుచుండెను. పాతదానిని మేల్కొల్పు గుర్తునే కొత్తదానికి వాడుటచే అది లేచి కూర్చున్నది. ఆర్డరు తీరినదా యని లెక్కించు భాగమును 2005లోనే వేరొకచోటికి మార్చియుండుటచే, ఎంత కొన్నను చాలునని దానికి తెలియలేదు. పది బిందెల నీరు తెమ్మన్నచో, లెక్కించువాడు లేక, తొట్టి నిండి వీథిలో పారుచున్నను తెచ్చుచునే యున్న పనివాని వంటిది అది.

కాపలా లేకపోలేదు. మార్కెటు తెరువక ముందే, 8 గంటలు దాటినది మొదలు, ఆ లోపమును పేర్కొనుచు 97 ఈమెయిళ్లు కంపెనీ ఉద్యోగులకు యంత్రము నుండి అందినవి. వానిని హెచ్చరికలుగా ఎవ్వరును ఉద్దేశింపలేదు. సామాన్యముగా చదువువారును లేరు. సంస్థ తలకెత్తుకొన్న వాటాల విలువను చూపు తెర యొకటి కలదు. కాని అది తానై గంట మ్రోగింపదు. హద్దు ఎంతయో దానిపై కనిపించదు; చూచువాడే జ్ఞాపక ముంచుకొనవలెను. రద్దీ పెరిగినపుడు అది వెనుకబడి తప్పు అంకెలను చూపినది. అక్రమ బేరములు చేరిన ఖాతాకు 20 లక్షల డాలర్ల హద్దు ఉన్నను, హద్దు దాటినపుడు ఆర్డర్లను ఆపు ఏర్పాటుతో దానికి సంబంధము కల్పింపలేదు. కారణము తెలియక సిబ్బంది మంచిగా నున్న ఏడు కంప్యూటర్లనుండి కొత్త ప్రోగ్రామును తీసివేసిరి. దానితో ఆ ఏడును ఎనిమిదవ దాని దారి పట్టినవి.

కంపెనీ కొద్ది దినములలోనే 40 కోట్ల డాలర్లు ఇతరులనుండి తెచ్చుకొని నిలిచినది. 2013లో గెట్కో అను సంస్థతో కలిసిపోయినది. కమిషన్ విధించిన జరిమానా 1 కోటి 20 లక్షల డాలర్లు.

కావున హెచ్చరికను అమర్చునపుడు అది ఎవరికి పోవలెను, అందినవాడు మొదట ఏ పని చేయవలెను, పనిని నిలిపివేయు అధికారము అతనికి కలదా యనునవి కూడ వ్రాసియుంచుదురు. ఆదాయముపై హద్దు దాటినపుడు కబురు చాలును. నష్టముపై హద్దు దాటినపుడు యంత్రమే ఆర్డర్లను నిలిపి, పిదప మనిషిని పిలువవలెను. జాగ్రత్తగల సంస్థలు పరీక్ష యని గుర్తు పెట్టిన ఉత్తుత్తి ఆర్డరు నొకదానిని అప్పుడప్పుడు పంపి, దానిని కావలెనని మధ్యలో ఆపి, బాధ్యుని ఫోను ఎన్ని నిమిషములకు మ్రోగునో కొలుచును. ఆ నిమిషముల సంఖ్యయు తెరపై ఒక సూచికగా నుండును.