మాటలు అవే వస్తాయిలే అంటున్నామా?

ఆదివారం ఆరాధనలో రెండున్నరేళ్ల బాబు అటూ ఇటూ పరుగెడుతుంటాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫ్యాను వైపే చూస్తుంటాడు. అందరూ చూస్తున్నారని తల్లి వాణ్ణి ఎత్తుకుని బయట మెట్ల మీద కూర్చుంటుంది. ప్రసంగమంతా అక్కడి నుంచే వింటుంది. ఆరాధన అయ్యాక మనం ఆమెతో అనే మాటలు తెలిసినవే. "మగపిల్లలకు మాటలు ఆలస్యమమ్మా", "వాళ్ల నాన్నకూ అంతే", "ఫోను ఇవ్వడం మానెయ్యి", "ప్రార్థన చేద్దాం, అవే వస్తాయి". ప్రేమతోనే అంటాం. కాని ఆ మాటలు నమ్మి గాజువాకలోనో మల్కాపురంలోనో ఒక కుటుంబం మరో ఏడాది ఆగిపోతుంది.

ఆటిజం తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు, టీకాల వల్ల వచ్చేదీ కాదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. మాత్రలతో పోదు. అయితే మూడేళ్ల లోపే శిక్షణ మొదలైతే మాట, ఆట, తన పని తాను చేసుకోవడం మెరుగుపడే అవకాశం ఎక్కువ. ఏడాది నిండినా పేరుకు పలకకపోవడం, ఏడాదిన్నరకు కావలసినది వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది కనిపించినా వినికిడితో సహా పరీక్ష చేయించాలి. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లల కోసం తల్లిదండ్రులను అడిగే ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. పట్టుమని పది నిమిషాల పని. దానితో ఆటిజం అని తేలిపోదు, ఇంకా చూడాలా వద్దా అన్నది మాత్రం తెలుస్తుంది.

మరి పది నిమిషాల పని ఎందుకు జరగదు? స్టీల్‌ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంది, సెలవు ఉంది. అదే గేటులోంచి లోపలికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి, హార్బరులో చేపలు మోసే తల్లికి పనికి వెళ్లని రోజు కూలి లేదు. మహారాణిపేటలో ఉన్న కేజీహెచ్‌కు వెళ్లి ఓపీలో నిలబడితే ఆ రోజు పోయినట్టే. థెరపీ ఒక్కసారితో అయ్యేది కాదు, వారం వారం వెళ్లాలి. ప్రైవేటులో ఒక్కో సిట్టింగుకు వందల రూపాయలు. ఇంట్లో పెద్దల భయం వేరు: పేరు బయటపడితే అక్క పెళ్లికి అడ్డం వస్తుందని. ఆడపిల్లయితే "సిగ్గరి" అని సరిపెట్టుకుంటాం.

సంఘంలో ఇంకో అడ్డు ఉంది, చెప్పక తప్పదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు ప్రభువు. మనం మాత్రం ఇంకా ఆ ప్రశ్నే అడుగుతున్నాం. ఉపవాస ప్రార్థనకు పిలుస్తున్నాం, డాక్టరు దగ్గరికి పంపడం లేదు. రెండూ చేయవచ్చు.

దారి లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి ఉచితంగా చూడాలి. అనుమానం ఉంటే జిల్లా బాలల సత్వర చికిత్స కేంద్రానికి రాసి పంపుతారు. అయితే అంగన్‌వాడీకి వెళ్లని బిడ్డ వాళ్ల కంట పడడు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో పనికి వచ్చి అద్దె గదిలో ఉన్న కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఇలాగే తప్పిపోతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు ఉంది. సర్టిఫికెట్ వస్తే నిరామయ బీమా కింద థెరపీతో సహా ఏడాదికి లక్ష రూపాయల వరకు సాయం దొరుకుతుంది.

పక్షవాత రోగిని మోయడానికి నలుగురు కావలసి వచ్చింది. ఇక్కడ పని అంతకంటే తేలిక. పిల్లల ప్రతిష్ఠ రోజునే ఆ గుర్తులు రాసిన కాగితం ఇవ్వవచ్చు. సండే స్కూలు టీచరు గమనించినది తల్లికి ఒంటరిగా, మెల్లగా చెప్పవచ్చు. స్త్రీల సమాజం నుంచి ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్లవచ్చు, కానుకల్లోంచి ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ఇవ్వవచ్చు. ఈ ఆదివారం మాత్రం మెట్ల మీద ఉన్న ఆ తల్లి పక్కన కూర్చుని, బాబుకు ఎన్ని నెలలని అడుగుదాం.