సంకట సమయమున ప్రచారము నిలిపిన అభ్యర్థి

ఎన్నికల కాలమున ఒక అభ్యర్థి తన ప్రచారమును హఠాత్తుగా నిలిపి, దేశమునకు కష్టము వచ్చినది, ఓట్ల మాట తరువాత చూచుకొందమని ప్రకటించినచో, వినువారికి అది గొప్ప త్యాగముగా దోచును. అది త్యాగమా, తంత్రమా యని తెలిసికొనుట యెట్లు? పసుపు ధర పడిపోయిన యేడు నాయకుల రాకపోకలు చూచిన ఆర్మూరు ప్రాంతపు పెద్దలకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ముందుగా దూరదేశపు వృత్తాంతమొకటి చెప్పి, పిదప మన జిల్లాకు వచ్చెదను.

2008 సెప్టెంబరు 15వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను గొప్ప బ్యాంకు దివాలా తీసెను. అదే దినమున రిపబ్లికను పక్షపు అధ్యక్షాభ్యర్థి జాన్ మెకెయిన్, దేశపు ఆర్థిక వ్యవస్థ పునాదులు బలముగానే యున్నవని పలికెను. ఉద్యోగములు పోవుచున్న జనులకు ఆ మాట రుచింపలేదు. ప్రత్యర్థి బరాక్ ఒబామాకు బలము హెచ్చెను. 24వ తేదీన మెకెయిన్ తన ప్రచారము నిలిపి రాజధానికి పోవుచున్నాననియు, 26వ తేదీన జరుగవలసిన ముఖాముఖి చర్చను వాయిదా వేయవలెననియు ప్రకటించెను. బ్యాంకుల నాదుకొనుటకై 70,000 కోట్ల డాలర్ల పథకము అప్పుడు శాసనసభల పరిశీలనలో నుండెను.

ఇందలి యుద్దేశములు నాలుగు విధములుగా గనబడును. మొదటిది, నిజమైన కర్తవ్యబుద్ధి. ఆయన సెనేటు సభ్యుడు గనుక దానిని కాదనరాదు. రెండవది, తనకు నష్టము తెచ్చిన ప్రసంగమును మరుగుపరచి, జనుల దృష్టిని తన సాహసమువైపు మరల్చుట. మూడవది, ప్రత్యర్థిని ఇరుకున బెట్టుట: ఒబామా వచ్చినచో తన వెంట వచ్చినట్లగును, రాకున్నచో దేశముకన్న ఓట్లే ప్రియమన్న నింద పడును. నాలుగవది, బిల్లు నెగ్గినచో కీర్తిలో పాలు పొందుట.

ఫలమేమి? ఒకటికన్న నెక్కువ పనులు ఒకేసారి చక్కబెట్టగలవాడే అధ్యక్షుడు కావలెనని ఒబామా బదులు చెప్పెను. 25వ తేదీన అధ్యక్ష భవనమున జరిగిన సమావేశము ఒప్పందము లేకుండనే ముగిసెను. మరునాడు మెకెయిన్ చర్చకు హాజరయ్యెను. 29వ తేదీన ప్రతినిధుల సభ బిల్లును 228-205 ఓట్లతో త్రోసిపుచ్చెను. వ్యతిరేకించినవారిలో ఆయన పక్షమువారే హెచ్చు. సవరించిన బిల్లు అక్టోబరు 3న నెగ్గెను. నవంబరు 4న మెకెయిన్ ఓడెను.

ఇక మన జిల్లా. 2019లో పసుపునకును, ఎఱ్ఱజొన్నకును గిట్టుబాటు ధర కావలెననియు, పసుపు బోర్డు కావలెననియు ఆర్మూరులో రైతులు రహదారిపై బైఠాయించిరి. పిదప లోకసభ ఎన్నికలలో 178 మంది రైతులు నామినేషన్లతో బరిలో నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది! ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటు యంత్రములు వరుసగా బెట్టవలసి వచ్చెను. మెకెయిన్ అభ్యర్థియై యుండి సంకటము పేర ప్రచారము నిలిపెను. వీరు సంకటము పేర అభ్యర్థులైరి. వీరు కోరినది పదవి గాదు, దేశము తమ గోడు వినుటయే. వీరి యుద్దేశము దాపరికము లేనిది.

ఆ ఎన్నికలలో సిట్టింగు సభ్యురాలు శ్రీమతి కల్వకుంట్ల కవిత ఓడిరి. గెలిచిన శ్రీ ధర్మపురి అర్వింద్, ఐదు దినములలో బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసి యిచ్చియుండిరి. బోర్డు ప్రకటన మాత్రము 2023 అక్టోబరు 1న, రాష్ట్ర శాసనసభ ఎన్నికలకు రెండు మాసముల ముందు వెలువడెను. బోర్డు ప్రారంభమైనది 2025 జనవరి 14న. పని జరిగినదన్న మాట సత్యము. జరిగిన వేళ యెన్నికల వేళ యన్న మాటయు సత్యమే. రాజకీయమున సదుద్దేశమును స్వలాభమును ఒకే సంచిలో నుండుట వింత గాదు.

కావున మనస్సులోని మాటను వెదకుటకన్న మూడు ప్రశ్నలడుగుట మేలు. నాయకుడు పరుగెత్తిన చోట ఆయనచే కాదగిన పని యున్నదా? చేత ఏ యుపాయమైన బట్టుకొని పోయెనా? తాను విడిచినదానివలన ఆయనకు నిజముగా నష్టమున్నదా? పసుపు కొనువాడు పైమెఱుగు చూచి ధర కట్టడు. కొమ్ము విఱిచి లోని రంగు చూచును. మన ఊళ్లలో ఓటడుగ వచ్చినవారి మాటను గూడ పెద్దలు అట్లే విఱిచి చూచి, పిల్లలకు చూపవలెనని నా మనవి.